మెట్ల కింద బండి

వానలు వెనకపట్టు పట్టి, మా సందులో నేల కనబడిన రోజు ఉదయం, మెట్ల కింద నుంచి మోటారు సైకిలు బయటికి లాగి కిక్కు కొట్టాను. స్టార్ట్ కాలేదు. నేనేమీ కంగారుపడలేదు. ఏటా వర్షాకాలమంతా అది కదలకుండా ఉంటుంది. మొదటి రోజు మొరాయించడం దాని అలవాటు. చోకు లాగి మళ్ళీ కొట్టాను. లోపల ఒక్కసారి ఏదో అంటుకుంది, బుస్సుమంది, ఆరిపోయింది. ఎవరో మాట మొదలుపెట్టి, ఎందుకులే అనుకుని మింగేసినట్టుగా ఉంది ఆ చప్పుడు.

మేముండేది ఏక్‌బాల్‌పూర్‌లో, ఈ బెంగాలీ ఊరి రేవుకు దగ్గరగా, నీళ్ళు నిలిచే ఒక సందులో. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను మునిసిపాలిటీ డ్రైనేజీ పంపింగ్ స్టేషన్‌లో పంపు ఆపరేటర్ని. ఊళ్ళో పడిన వాననీటిని తోడి కాలువలోకి పంపడం నా పని. ఊరి నీళ్ళన్నీ పోయేవి, మా సందులో నీళ్ళు మాత్రం నిలిచేవి. ఈ సంగతి మీద నన్ను ఎగతాళి చెయ్యనివాళ్ళు మా మేడలో ఎవరూ లేరు. ‘మేముండేది’ అని అలవాటు కొద్దీ రాశాను. ఇప్పుడు ఉండేది నేనొక్కడినే. నా భార్య కిందటేడాది ముందటి ఏడు పోయింది. మాకు పిల్లలు లేరు.

బండి స్టార్ట్ కాని సంగతి ఇంతలా రాయడానికి కారణం మా మేడ కమిటీ సెక్రటరీ. ఆయన కింది వాటాలో ఉండే బెంగాలీ ఆయన, బడిపంతులుగా చేసి దిగిపోయాడు. మంచి మనిషే, కాని ఒక మాట అన్నాక దాన్ని వెనక్కి తీసుకోవడం ఆయనకు రాదు. దుర్గాపూజ లోపల మెట్ల కింద కొత్త కరెంటు మీటర్ల పెట్టెలు బిగిస్తారట. అక్కడున్న పాత సామానంతా పోవాలి. గేటు పక్కన సన్నగా ఒక చోటుంది, కాని అది నడిచే బండికి మాత్రమే.

“చోల్‌లే గాడి, నా చోల్‌లే ఖాట్” అన్నాడాయన, నా బండి చుట్టూ ఒకసారి తిరిగి. నడిస్తే బండి, నడవకపోతే మంచం. మంచాలు పట్టుకుపోయే పాతసామాన్ల వాడు మహాలయ అమావాస్య మర్నాడు వస్తాడని కూడా చెప్పాడు.

పాతసామాన్ల వాడు ఎలా పట్టుకుపోతాడో నాకు తెలుసు. ఎదురింటివాళ్ళ స్కూటర్‌ని మా గేటు ముందే విప్పాడు. రిక్షా బండిలో పట్టడానికి పెట్రోలు ట్యాంకును సుత్తితో కొట్టి అప్పడంలా చేశాడు. ఆ చప్పుడు సందంతా వినబడింది. నా బండికి అలా జరగడం నేను చూడలేను. దాని మీద నాకు మోజని కాదు, అది అందంగా కూడా ఏమీ ఉండదు. కాని మా ఇంట్లో నేను ఒక పని చేస్తే దానికి బదులుగా ఏదైనా చేసేది ఇప్పుడు అదొక్కటే. గేరు వేస్తే కదులుతుంది, బ్రేకు వేస్తే ఆగుతుంది. మిగతా సామానంతా నేను ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది.

మామూలుగా చూసే మెకానిక్ పండగకి బీహార్‌లో తన ఊరికి వెళ్ళిపోయాడు. పెద్దరోడ్డు మీది మెకానిక్కులు బండిని తోసుకు రమ్మన్నారు. గుంతల్లోంచి అంతదూరం తొయ్యడం నా వల్ల కాదు. అదీ కాక, ఉద్యోగమంతా ఆగిపోయిన యంత్రాలతో గడిపినవాణ్ణి. దీని సంగతి నేనే చూడగలననుకున్నాను.

పంపింగ్ స్టేషన్‌లో మాకు ఒక పద్ధతి ఉండేది. పంపు ఆగితే ఒక్కసారి ఒక్కటే మార్చాలి. రెండు మార్చి స్టార్ట్ అయితే, దేనివల్ల అయిందో తెలియదు, రేపు మళ్ళీ ఆగితే మొదటికొస్తాం. పైన వాన కురుస్తుంటే, వీధుల్లో మోకాలిలోతు నీళ్ళుంటే, ఫోను మోగుతూనే ఉంటే కూడా ఒక్కటే మార్చాలి. కుర్రాళ్ళు చిరాకుపడేవారు. నేను మాత్రం ఒకటి చూసి, అది సరిగా ఉందని నిర్ధారణ చేసుకున్నాకే రెండోదానికి పోయేవాణ్ణి. బండి విషయంలోనూ అదే వరస పెట్టుకున్నాను. పెట్రోలు, తరువాత నిప్పు, తరువాత గాలి. రోజుకొకటి.

ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ నాకు డైరీ రాసే అలవాటు. పొద్దున్న టీ తాగాక నిన్నటి రోజు రాస్తాను. ఈ రెండేళ్ళలో చాలా పేజీల్లో ‘విశేషం లేదు’ అన్న మాటే ఉంది. బండి మూలంగా మళ్ళీ పేజీలు నిండడం మొదలైంది. ఇది నేను అప్పుడే గమనించాను. గమనించి, కొంచెం సిగ్గుపడ్డాను కూడా.

మొదట పెట్రోలు. ట్యాంకులో ఉన్నది పాతబడి వార్నిష్ వాసన కొడుతోంది. దాన్ని తీసేశాను. సీసాలో పెట్రోలు పొయ్యం అన్నారు బంకులో. ఏం చెయ్యాలా అని గేటు దగ్గర నిలబడి ఉంటే సెక్రటరీయే వచ్చి, తన స్కూటర్ ట్యాంకులో రబ్బరు గొట్టం పెట్టి, నోటితో పీల్చి, నా సీసా నింపాడు. ఉమ్మేసి, మూతి తుడుచుకుని, “నియమం నియమమే దాదా, పెట్రోలు పెట్రోలే” అన్నాడు హిందీలో. మళ్ళీ వెంటనే, “హోబే?” అన్నాడు. అవుతుందా అని.

“చూడాలి” అన్నాను.

కొత్త పెట్రోలు పోసి కొట్టాను. బుస్సుమని ఆరిపోయింది.

ఆ మర్నాడు విశ్వకర్మ పూజ. ఈ ఊళ్ళో ఆ రోజు రిక్షా నుంచి క్రేను దాకా చక్రమున్న ప్రతిదానికీ బంతిపూల దండ పడుతుంది. నా భార్య ఆ రోజు బండికి బొట్టు పెట్టేది, మళ్ళీ దసరాకీ పెట్టేది. ఎందుకు రెండుసార్లు అంటే, ఒకటి ఈ ఊరి లెక్క, ఒకటి మన లెక్క అనేది. నేనూ పొద్దున్నే స్నానం చేసి దండ కొనుక్కొచ్చి హ్యాండిల్‌కి వేశాను. కుంకుమ పెట్టాను.

మేడమెట్ల మీద నుంచి నవ్వు వినబడింది. పైవాటా ఆవిడ. ఆవిడ మునిసిపాలిటీలోనే వీధులు ఊడ్చే పని చేసి రిటైరైంది. వాళ్ళ పెద్దలదీ మా పెద్దలదీ శ్రీకాకుళం వైపే. నా భార్యని వొదినా అనేది, నన్ను అన్నియ్యా అంటుంది. మా మేడలో ఇప్పుడు తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. ఆవిడ మనవలు తిట్టుకున్నా బెంగాలీలోనే తిట్టుకుంటారు. బుగ్గన పాన్ పెట్టుకుని మెట్ల మీద కూర్చోవడం ఆవిడకు ఇష్టం.

“కదలందానికి దండేసి బొట్టెడితే ఏటంటారో తెలుసా అన్నియ్యా?” అంది.

అన్నాక, మా ఇంట్లో గోడ మీద దండతో ఉన్న నా భార్య ఫోటో గుర్తొచ్చినట్టుంది. నాలిక కరుచుకుంది.

“నాలికకి నరం లేదు నాకు” అంది.

“ఫర్వాలేదు. బండి మీద అన్నావు.”

“బండి మీదే అన్నాను. మరేటి.” దిగి వచ్చి, బండి సీటు మీద చేత్తో తట్టి, “లెగవే. ఊరి నీల్లన్నీ తోడీసినోడు, నీకు గుక్కెడు పెట్రోలు పట్టించలేకపోతన్నాడు” అంది.

తరువాత నిప్పు. ప్లగ్గు విప్పితే మసి పట్టి ఉంది. గరుకు కాగితంతో రుద్ది, తీగకు తగిలించి, ఇంజిన్‌కి ఆనించి కిక్కు కొడితే కొన దగ్గర నీలం మెరుపు రావాలి. ఈ పనికి ఇద్దరు కావాలి. ఒకరు కొడుతుంటే ఇంకొకరు చూడాలి. ఇదివరకు నా భార్య చూసేది. వంగి చూసి “ఉంది” అనేది, లేకపోతే “లేదు” అనేది, అంతే. ఇప్పుడు మెట్ల మీదావిణ్ణి పిలిచాను.

“ఈ కొన చూస్తూ ఉండు. నీలంగా మెరిస్తే చెప్పు.”

“సూత్తన్నాను. కొట్టు.”

కొట్టాను. “కనబడిందా?”

“ఏటి?”

“మెరుపు.”

“నువ్వు దబ్బుమని కొట్టీసరికి నా కల్లు మూతడిపోనాయి. మల్లీ కొట్టు.”

మళ్ళీ కొట్టాను.

“ఆఁ! వొచ్చింది. ఈగంత.” తల ఎత్తి నన్ను చూసింది. “అదేటి, ఆ ఈగంత దాంతోనా ఇంత బండి నడుస్తాది?”

“దాంతోనే.”

“అయితే మరి నడవదేటి?”

ప్లగ్గు తిరిగి బిగించి కొట్టాను, అదే బుస్సు. నిప్పు ఉంది. పెట్రోలు ఉంది. బండి లేదు.

అప్పటికి సందులో నా బండి సంగతి అందరికీ తెలిసిపోయింది. బజారుకు పోయేవాళ్ళు సంచీ కింద పెట్టి ఆగేవారు. బట్టల మూటలతో మెటియాబ్రుజ్ పేటలో కుట్టుపనికి పోయే ఒకాయన రోజూ ఆగి చోకు మీద ఒక సలహా ఇచ్చేవాడు. నిన్న ఇచ్చినదానికి ఇవాళ్టిది సరిగ్గా ఎదురుగా ఉండేది. నేను వినేవాణ్ణి. అవుతుందనో కాదనో జవాబిచ్చేవాణ్ణి. ఆ రోజుల్లో పొద్దున్న మధ్యాహ్నానికి ఎప్పుడు మారిందో తెలిసేది కాదు. లోపలికి వచ్చి కూర్చున్నాక మాత్రం గది మళ్ళీ మునుపటి గదే. ఒక పళ్ళెం, ఒక గ్లాసు, కిటికీలోంచి పూజ పందిరికి వెదుర్లు కొడుతున్న చప్పుడు.

ఆ పందిరి కట్టే కూలీలే ఒకరోజు, “దాదూ, ఎక్కి కూర్చోండి, తోస్తాం” అన్నారు. నా పద్ధతిలో ఆ పని లేదు. అయినా ఎక్కాను. రెండో గేరులో పెట్టి క్లచ్చి పట్టుకున్నాను. ఇద్దరు వెనక నుంచి తోశారు. “జోర్ సే! జోర్ సే!” అని ఒకడు అరుస్తున్నాడు. సందు చివరిదాకా తోశారు. ఇంజిన్ లేకుండానే బండి వేగం అందుకుంది, మొహానికి గాలి తగిలింది. ఆ కొద్ది దూరం నాకు చాలా హాయిగా అనిపించింది. తరువాత క్లచ్చి వదిలాను. బండి ఒక్క కుదుపు కుదిపి, దగ్గి, నిలబడిపోయింది. కూలీలు నవ్వుకుంటూ, “బూఢా ఘోడా” అంటూ వెదుర్ల దగ్గరికి పోయారు. ముసలి గుర్రం అన్నది బండినో నన్నో నేను అడగలేదు. తిరిగి మెట్లదాకా నేనే నెట్టుకొచ్చాను.

చివరికి గాలి. గాలిపెట్టె విప్పి, లోపలి స్పాంజి ఉతికి, ఆరబెట్టి, మళ్ళీ బిగించాను. కార్బురేటర్ విప్పి సన్నటి రాగితీగతో రంధ్రాలన్నీ పొడిచాను. చిన్న స్క్రూ ఒకటి కింద పడితే వెతుక్కోవడానికే పూట పట్టింది. అన్నీ సరిగానే ఉన్నాయి. లోపలికి పోవలసినవన్నీ పోతున్నాయి. కిక్కు కొడితే అదే బుస్సు. అంటుకుంటుంది, ఆరిపోతుంది.

మహాలయ నాడు పొద్దున్నే గంగ ఒడ్డున తర్పణాలు వదిలి వచ్చాను. తడి పంచెతోనే సెక్రటరీ తలుపు తట్టాను.

“పాతసామాన్ల వాణ్ణి రమ్మనండి” అన్నాను.

ఆయన నా మొహం చూశాడు. “ఇంకొక వారం చూద్దామా దాదా? మీటర్లవాళ్ళతో నేను మాట్లాడతాను” అన్నాడు. మాట వెనక్కి తీసుకోవడం రాని మనిషి ఆ మాట అన్నాడు.

“వద్దు. నేను చూడవలసినవన్నీ చూశాను.”

ఇంట్లోకి వచ్చి అన్నం వండుకున్నాను. బాధగా ఏమీ లేదు. పని అయిపోయినట్టుగా ఉంది, అంతే. అదే నాకు బాగా అనిపించలేదు. రేపటి నుంచి పొద్దున్నే లేచి ఏమి విప్పాలి అన్న ఆలోచన వచ్చింది.

మర్నాడు పాతసామాన్ల వాడు మధ్యాహ్నం వస్తానన్నాడు. ఏ వస్తువైనా మురికిగా ఇంటి గడప దాటించడం మా ఇంట్లో లేదు. బకెట్టు నీళ్ళు, గుడ్డ పట్టుకుని బండి పక్కన పీట వేసుకున్నాను. ముందు నుంచి వెనక్కి తుడవడం మొదలుపెట్టాను. దీపం, అద్దాలు, ట్యాంకు. సీటు మీద నా భార్య కూర్చునేవైపు రెక్సిన్ నున్నగా అరిగి ఉంది. అక్కడ ఎక్కువసేపు తుడవకుండా ముందుకు పోయాను. వెనక చక్రం, ఆకులు, గొలుసు. చివరికి సైలెన్సర్. గొట్టం పొడవునా తుడిచి, అంచు లోపలి మసి తుడుద్దామని తడిగుడ్డతో వేలు పెట్టాను.

వేలికి మెత్తగా ఏదో తగిలింది.

ఎలుక చచ్చిందనుకున్నాను. స్క్రూడ్రైవర్‌తో కెలికి, శ్రావణంతో పట్టుకుని లాగాను. పాలిథీన్ కాగితం వచ్చింది. దాని వెనక నీళ్ళు కారుతూ, నల్లబడి, ఉబ్బిపోయి, ఒక నూలు చీర ముక్క. లాగుతూ ఉంటే ఇంకా వస్తూనే ఉంది.

ఎవరూ పెట్టలేదు. నేనే పెట్టాను.

వానలు రాబోతున్నాయంటే మా సందులో బండ్లున్నవాళ్ళంతా వాటిని ఇటుకల మీదికి ఎత్తుతారు. నీళ్ళు లోపలికి పోకుండా సైలెన్సర్‌లో గుడ్డ కుక్కుతారు. మా ఇంట్లో ఎత్తడం, పెట్రోలు మూయడం, బ్యాటరీ తీగ విప్పడం నా పని. గుడ్డ కుక్కడం నా భార్య పని. వానలు పోయాక తీసేదీ ఆవిడే. నేను బండి బయటికి లాగేసరికి ఆ గుడ్డ దొడ్లో తీగ మీద ఆరుతూ ఉండేది. అదొక పని అని కూడా నేనెప్పుడూ అనుకోలేదు. పోయిన ఏడు నేను దుఃఖంలో బండిని వానకి అలాగే వదిలేశాను, ఏ గుడ్డా పెట్టలేదు. ఈ ఏడు బుద్ధి తెచ్చుకుని అన్నీ చేశాను. ఆవిడ కట్టి ఉంచిన గుడ్డల మూటలోంచి ఒకటి తీసి, పాలిథీన్ చుట్టి, పొడుగాటి కర్రతో లోపలికంటా నెట్టి, శుభ్రంగా ఉందని సంతోషించాను. పెట్టడం గుర్తుంది. తియ్యడం నా చేతులకు తెలియదు.

జీవితమంతా పంపుల దగ్గర నీళ్ళు బయటికి పోయే దారి చూసినవాణ్ణి. రోజుల తరబడి ఆ బండి లోపలికి ఏమేమి పోతున్నాయో చూశాను కాని బయటికి పోయే దారి ఒకటుందని అనుకోలేదు.

చోకు లాగి కిక్కు కొట్టాను. రెండోసారికే అంటుకుంది. ఈసారి మాట మింగెయ్యలేదు. సైలెన్సర్ లోంచి బూడిద రంగు నీళ్ళు చిమ్మాయి, తెల్లటి పొగ మెట్ల కింద నుంచి పై అంతస్తుల దాకా కమ్ముకుంది. తలుపులు తెరుచుకున్నాయి. ఎవరో దగ్గుతున్నారు.

“అన్నియ్యా! మేడకి నిప్పెట్టీసినావేటి!” పైనుంచి కేక.

సెక్రటరీ ఒక చెంప మీద గడ్డం సబ్బుతోనే పరుగెత్తుకొచ్చాడు. “చోల్‌ఛే! చోల్‌ఛే!” నడుస్తోందంటూ నా భుజం మీద కొట్టాడు. “ఏమయింది? తప్పెక్కడుంది?”

నల్లటి గుడ్డ ఎత్తి చూపించాను. ఆయనకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. అర్థమయ్యాక గోడ పట్టుకుని నవ్వాడు. “పంపు ఆపరేటర్! పంపు ఆపరేటర్ దాదా!” అంటూ సబ్బు కళ్ళలోకి పోయినా నవ్వుతూనే ఉన్నాడు. నేనూ నవ్వాను.

పైవాటా ఆవిడ మాత్రం నవ్వలేదు. దిగి వచ్చి ఆ గుడ్డని రెండు వేళ్ళతో పట్టుకుని చూసింది.

“వొదిన సివర బయటికి ఒగ్గీసేది” అంది. “మూరెడు తోకలాగ ఏలాడతా ఉండేది. మెట్లు దిగినప్పుడల్లా సూసీదాన్ని. ఏటొదినా అది అంటే, తియ్యడం మర్సిపోకుండా అనీది. నువ్వు మొత్తం కుక్కీసినావు.”

“నాకు తెలియదు.”

“నీ ఇంట్లో పనేటి, నీకు తెలీదేటి!” అంది. మళ్ళీ గొంతు తగ్గించి, “నాకూ తట్టలేదులే. దినాలు దినాలు ఈ మెట్ల మీదే కూకున్నాను” అంది.

మధ్యాహ్నం వచ్చిన పాతసామాన్ల వాడు విరిగిన రెండు కుర్చీలతో వెళ్ళిపోయాడు. పూజ లోపలే మీటర్ల పెట్టెలు బిగించారు. నా బండి గేటు పక్కన నిలబడింది. సెక్రటరీ గోడ మీద సుద్దముక్కతో గీత గీసి, ఇక్కడి వరకు మీది అన్నాడు. గుడ్డ ఉతికి ఆరేశాను. నలుపు పూర్తిగా పోలేదు.

మర్నాటి నుంచి నా దగ్గర ఎవరూ ఆగలేదు. నడిచే బండి దగ్గర ఆగడానికి ఏముంటుంది? మెటియాబ్రుజ్ కుట్టుపని ఆయన చెయ్యి ఎత్తి పలకరించి పోయేవాడు. సంచీలవాళ్ళు సంచీలతో పోయేవారు. పైవాటా ఆవిడ పూజకొచ్చిన కూతుళ్ళతో, మనవలతో లోపలే ఉండిపోయింది. బండిని కాపాడుకోవాలని నేను అంత పాటుపడ్డాను గాని, దాని మీద ఎక్కడికి వెళ్ళాలో ఒక్కనాడూ ఆలోచించలేదు. ఇదివరకు ఆ ఆలోచన నాది కాదు. సాయంత్రం నాలుగయ్యేసరికి నా భార్య చీర మార్చుకునేది. ఫలానా చోటికి అనేది. నేను తాళం చెవి తీసేవాణ్ణి. ఆసుపత్రికి కూడా మొదట్లో అలాగే వెళ్ళాం.

ఊరికే నిలబెడితే బ్యాటరీ పోతుంది. అందుకని పూజ అయ్యాక ఒక ఆదివారం చొక్కా తొడుక్కుని కిందికి దిగాను. పైవాటా ఆవిడ మెట్ల మీద ఉంది.

“ఎక్కడికైనా వెళ్ళేదుందా చెల్లెమ్మా? దింపుతాను” అన్నాను.

“నీ ఎనకాల కూకుంటే మా కోడలు నవ్వి నవ్వి సస్తాది. నా నడుం నా కాడుండనీ” అంది. “నువ్వెక్కడికెల్తన్నావు?”

“ఊరికే.”

“ఊరికే ఎవులైనా ఎల్తారేటి?” అంది. మళ్ళీ తనే, “సరే, ఎల్లిరా. బేగి వొచ్చీ” అంది.

ఆ మాట అన్నందుకు ఆవిడకు కృతజ్ఞుణ్ణి.

రేవు వైపు పోనిచ్చాను. డాక్ మీద, ఓడలొస్తే తెరుచుకునే వంతెన దగ్గరికి వచ్చేసరికి ఓడ కోసం దాన్ని తెరిచారు. దారి మూసి ఉంది. ముందర లారీలు, ఆటోలు, సైకిళ్ళు బారులు తీరి ఉన్నాయి. ఒక్కొక్కరే ఇంజిన్లు కట్టేశారు. నేను కట్టలేదు. కడితే మళ్ళీ అంటుకుంటుందో లేదో అని నా భయం. మెట్ల కింద అయితే మెట్ల మీద ఒక మనిషి ఉంటుంది, కేక వేస్తే సెక్రటరీ వస్తాడు. ఇక్కడ ఆగిపోతే నన్నెవరెరుగుదురు?

నా వెనక కూడా బండ్లు చేరాయి. పక్కన స్కూటర్ మీద మొగుడూ పెళ్ళాల మధ్య ఒక పిల్ల నిద్రపోతోంది. ఆ తల్లి పొగకి ముక్కు మూసుకుని నా సైలెన్సర్ వైపు చూసింది. అవతలి పక్క ఆటో అతను తల బయటికి పెట్టాడు.

“కాకా, బంద్ కరో నా! పెట్రోలు ఏమైనా కుళాయిలో వస్తోందా?”

అతని ఆటోలో జనం నవ్వారు. నేను తాళం చెవి మీద చెయ్యి వేసి, ఇంకాసేపు చూసి, తిప్పాను.

చప్పుడు పోయింది. ఓడ మా ఎదురుగా మెల్లగా, గోడ కదిలినట్టు కదిలిపోతోంది. పైన ఎవరో నావికుడు బట్టలు ఆరేసుకుంటున్నాడు. ఇటువైపు ఆగిన ఇంతమందినీ అతను ఒకసారి చూసి మళ్ళీ క్లిప్పులు పెట్టుకోవడంలో పడ్డాడు. ఆటోలో ఎవరో ఎవరికో నారింజ తొనలు ఒలిచి ఇస్తున్నారు. అందరూ ఎక్కడికో పోవలసినవాళ్ళే. ఆలస్యమైపోతోందని అందరూ విసుక్కుంటున్నారు. నాకు విసుగు రావడానికి కూడా ఏమీ లేదు.

ఓడ దాటాక వంతెన మళ్ళీ కలుసుకుంది, దారి వదిలారు. ముందు లారీ గర్జించింది, తరువాత ఒక్కొక్కటే అందుకున్నాయి. నేను కిక్కు కొట్టాను. అందుకోలేదు. వెనక హారన్లు మొదలయ్యాయి. మళ్ళీ కొట్టాను.

“క్యా హువా కాకా?” అన్నాడు ఆటో అతను. ఈసారి నవ్వలేదు. తన ఆటో కదిలించకుండా ఆగి నా కోసం చూస్తున్నాడు.

తొందరపడకుండా చోకు కొంచెం లాగి, కాలు సరిగా ఆనించి, కొట్టాను. అందుకుంది. అతను చెయ్యి ఊపి ముందుకు పోయాడు.

వంతెన అవతల నాకు పని లేదు. కాని వెనక్కి తిరగడానికి దారి లేదు, వెనకంతా బండ్లే. గార్డెన్ రీచ్ వైపు పోయేవాళ్ళతో పాటు నేనూ పోయాను. ఓడలు కట్టే యార్డు గోడ పక్కన ఒక చాయ్ దుకాణం కనబడింది. పక్కకి తీసి స్టాండు వేశాను. ఈసారి ఎవరూ చెప్పకుండానే ఇంజిన్ కట్టేసి, బెంచీ మీద కూర్చుని, ఒక చాయ్ చెప్పాను.